పేజీలు బోలెడు, జవాబులేవీ?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు. సాఫ్ట్‌వేర్ గురించి ఆఫీసులో రాసిపెట్టినవి ఉన్నా పనికిరావడం లేదు, లేదా అసలు లేవు, లేదా ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. ఒకే తీరు ఉత్తరాలను కలిపి, కాస్త కుదించి, ఏడు ప్రశ్నలుగా ఇస్తున్నాం. రాసినవాళ్ళ పేర్లు, కంపెనీల పేర్లు కావాలనే తీసేశాం.

ప్రశ్న: మాది పెద్ద డెవలప్‌మెంట్ విభాగం. వికీలో (ఆఫీసులో అందరూ కలిసి రాసుకునే పేజీల సైటు) వందల పేజీలున్నాయి. అయినా కొత్తగా చేరినవాళ్ళు ప్రతి చిన్నదానికీ పక్కవాళ్ళనే అడుగుతారు. "మన డాక్యుమెంటేషన్ ఎలా ఉందో చూసి రిపోర్టు ఇవ్వు" అని నాకు అప్పజెప్పారు. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక టీమ్ లీడ్)

వికీ తెరిచి పేజీలు లెక్కపెట్టడంతో మాత్రం మొదలుపెట్టకండి. చాలామంది అదే చేస్తారు, ఎందుకంటే సులువు, ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది, చూపించడానికి ఒక అంకె కూడా దొరుకుతుంది. కానీ ఆ అంకె వల్ల మీకు తెలిసేదేమీ ఉండదు.

ముందు మనుషులు ఏం అడుగుతున్నారో చూడండి. మీ టీమ్ చాట్‌లో గత నెల రోజుల్లో వచ్చిన "ఇది ఎక్కడుంది", "దీనికి యాక్సెస్ ఎవరిస్తారు", "రాత్రి దానంతటదే నడిచే జాబ్ ఫెయిలైతే మళ్ళీ మొదటి నుంచి రన్ చేయాలా" లాంటి ప్రశ్నలన్నీ ఒక షీట్‌లోకి ఎత్తండి. ఒక్కోదాని పక్కన మూడు సంగతులు రాయండి: దీనికి జవాబు ఎక్కడైనా రాసి ఉందా, ఉంటే అది ఇవాళ్టికీ నిజమేనా, నిజమే అయితే అడిగిన మనిషికి ఎందుకు దొరకలేదు. ఈ మూడూ మూడు వేరువేరు జబ్బులు. రాయనిదాన్ని రాయాలి, తప్పుగా మారినదాన్ని దిద్దాలి లేదా పీకేయాలి, దొరకనిదానికి చోటో శీర్షికో మార్చాలి. అన్నిటికీ కలిపి "డాక్యుమెంటేషన్ బాగాలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఏ మందు వేయాలో తెలియక, చివరికి అందరిచేతా ఇంకో వంద పేజీలు రాయిస్తారు.

తర్వాత కొత్తగా చేరిన ఒకరి పక్కన కూర్చోండి. వాళ్ళ మెషీన్ మీద మీ సిస్టమ్‌ని లేపి, ఒక చిన్న మార్పు చేసి, టెస్ట్ సర్వర్‌కి పంపమనండి, మీ పేజీలు మాత్రమే చూస్తూ. మీరు నోరు తెరవకూడదు, ఇది నిజంగా కష్టం. ఇన్‌స్టలేషన్ పేజీలో నాలుగో మెట్టు దగ్గర "కాన్ఫిగ్ ఫైల్‌ని మామూలుగా సెట్ చేసుకోండి" అని ఉంటుంది. మామూలుగా అంటే ఏమిటో రాసినవాళ్ళకి తెలుసు. కొత్తమ్మాయి ఫోల్డర్ తెరిస్తే పేరు చివర "ఓల్డ్" అని ఒకటి, "న్యూ" అని ఒకటి, "ఫైనల్ 2" అని ఒకటి, మూడు ఫైళ్ళు కనిపిస్తాయి. ఒకటి తెరుస్తుంది, మూసేస్తుంది, ఇంకోటి తెరుస్తుంది, వికీలో వెతుకుతుంది, అక్కడ వేరే ప్రాజెక్టు పేజీ వస్తుంది, ఆ తర్వాత చాట్ విండో మీదికి చెయ్యి పోతుంది. ఆ చెయ్యి పోయిన చోటు ఏ పేజీలో ఏ వాక్యమో రాసుకోండి. ఇలా ఇద్దరు ముగ్గురితో చేస్తే, ఏ సర్వేలోనూ బయటపడని సంగతులు మీ చేతికొస్తాయి.

ఇదంతా పేజీల సంగతి. పేజీల వెనకున్న పద్ధతిని కూడా చూడాలి, నా దృష్టిలో అసలు గుట్టు అక్కడే ఉంది. మార్సెల్లో విస్కోంటి, కర్టిస్ కుక్ అనే ఇద్దరు పరిశోధకులు 1990లలో సరిగ్గా దీనికోసమే ఒక మెచ్యూరిటీ మోడల్, అంటే పద్ధతి ఎంత పరిణతి చెందిందో కొలిచే చట్రం, తయారుచేశారు. అందులో నాలుగు స్థాయిలు. మొదటి స్థాయిలో ఎవరికి తోచింది వాళ్ళు రాస్తారు. రెండో స్థాయిలో అవసరమని తెలుసు, కొన్నిసార్లు రాస్తారు, కొన్నిసార్లు వదిలేస్తారు. మూడోదాంట్లో ఎవరు, ఎప్పుడు, ఏం రాయాలో ఖాయమైన పద్ధతి ఉంటుంది. నాలుగోదాంట్లో ఆ పద్ధతి ఎలా నడుస్తోందో కొలుస్తూ సరిదిద్దుకుంటారు. వాళ్ళు ఏడేళ్ళపాటు 41 కంపెనీల్లో 91 ప్రాజెక్టులను ఇలా పరీక్షించి 2002లో ఫలితాలు వెల్లడించారు. మొత్తమ్మీద పరిశ్రమకు పాస్ మార్కులు రాలేదు. నియమాలు పెట్టుకోవడంలో ఉన్న పరిణతికీ, ఆ నియమాలను పాటించడంలో ఉన్న పరిణతికీ మధ్య పెద్ద ఖాళీ ఉందని తేలింది. మీరు కూడా నియమం ఉందా అని అడిగి ఆగిపోకండి. "రిలీజ్‌తో పాటు డాక్యుమెంట్ మార్చాలి" అని రూలు ఉంటే, చివరి ఐదు రిలీజ్‌లు తీసి, ఎన్నిట్లో నిజంగా మార్చారో చూడండి. రిపోర్టులో ఆ ఒక్క వరుస చాలు, పైవాళ్ళు కుర్చీలో ముందుకు జరిగి చదువుతారు.

ప్రశ్న: ఆరుగురం పనిచేసే చిన్న టీమ్ మాది. "మనది ఎజైల్, డాక్యుమెంట్లు అక్కర్లేదు" అంటారు మా మేనేజర్. నిజమేనా? (ఒక డెవలపర్)

నిజం కాదు. ఎజైల్ అంటే సాఫ్ట్‌వేర్‌ని చిన్న చిన్న విడతలుగా చేసి, చూపించి, సరిదిద్దుకుంటూ పోయే పద్ధతి. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటాలో 17 మంది కలిసి రాసిన ఎజైల్ మేనిఫెస్టోలో, సమగ్రమైన డాక్యుమెంటేషన్ కన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్‌కి ఎక్కువ విలువ ఇస్తామని ఉంది. ఆ జాబితా కిందే ఇంకో వాక్యం కూడా ఉంది: రెండో వైపు చెప్పినవాటికీ విలువ ఉంది, కాకపోతే మొదటివాటికి ఇంకా ఎక్కువ విలువ ఇస్తాం అని. ఆ రెండో వాక్యాన్ని ఎవరూ ఎత్తరు. మేనేజర్ గారికి ఆ పేజీ మొత్తం చూపించండి, చిన్నదే.

ఆరుగురికి పెద్ద గ్రంథం అక్కర్లేదన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. సిస్టమ్ ఏం చేస్తుందో చెప్పే రీడ్‌మీ, ఏ ముక్క దేనితో మాట్లాడుతుందో చూపే ఒక బొమ్మ, రిలీజ్ ఎలా చేయాలి, తేడా వస్తే వెనక్కి ఎలా తీసుకోవాలి, పాస్‌వర్డ్‌లూ కీలూ ఎక్కడుంటాయి, వాటిని ఎవరిస్తారు. వీటితో మొదలుపెట్టండి. మీ టీమ్ "డన్" అనే మాటకి ఏ షరతులు పెట్టుకుందో వాటిలో "సంబంధిత పేజీ సరిచూశాం" అన్నది ఒకటి చేర్చండి. దీనికి విడిగా ఒక స్ప్రింట్ (కొన్ని వారాల పని విడత) అడిగితే అది ఎప్పటికీ రాదు.

ప్రశ్న: ఎంత బాగా రాసినా రెండు మూడు నెలల్లో పాతబడిపోతుంది. ఇక రాసి ఏం లాభం అనిపిస్తోంది. (నలుగురైదుగురు రాశారు ఇదే)

మీ విసుగు న్యాయమైనదే. 2003లో టిమొతీ లెత్‌బ్రిడ్జ్, జానిస్ సింగర్, ఆండ్రూ ఫార్వర్డ్ అనే ముగ్గురు, ఇంజనీర్లు డాక్యుమెంట్లను నిజంగా ఎలా వాడుతున్నారో అధ్యయనం చేస్తే, చాలా డాక్యుమెంట్లు పాతబడే ఉంటాయని తేలింది. అయితే పాతబడ్డా కొన్ని పనికొస్తూనే ఉంటాయని కూడా వాళ్ళే చెప్పారు. సిస్టమ్ మొత్తం రూపురేఖలు, ఏ భాగం ఎందుకుంది అన్న విషయాలు అంత త్వరగా మారవు. మారేవి చిల్లర వివరాలు: ఫంక్షన్ పేర్లు, పోర్ట్ నంబర్లు, స్క్రీన్‌షాట్లు, "ఎడమవైపు మూడో బటన్ నొక్కండి" లాంటివి. మనం శ్రమంతా ఈ రెండో రకం మీద పోసి, మొదటి రకం రాయకుండా వదిలేస్తాం. అక్కడే తిరగబడింది లెక్క.

కాబట్టి త్వరగా మారేదాన్ని చేత్తో రాయడం తగ్గించండి. ఏపీఐ, అంటే ఒక ప్రోగ్రాం ఇంకోదాన్ని పిలిచే తీరు, దాని వివరాలు ఓపెన్ఏపీఐ లాంటి స్పెసిఫికేషన్ నుంచి వాటంతటవే తయారవ్వాలి. ఉదాహరణ కోడ్ రాస్తే అది టెస్ట్‌లో రన్ అవ్వాలి. పైథాన్‌లో డాక్‌టెస్ట్ అని ఉంది, డాక్యుమెంట్‌లో రాసిన ఉదాహరణను నడిపి చూసి, జవాబు మారితే ఫెయిల్ చూపిస్తుంది. తెగిపోయిన లింకులు కనిపెట్టే పని కూడా మెషీన్‌దే. చేత్తో రాయక తప్పనిదాన్ని కోడ్ ఉన్న రిపాజిటరీలోనే పెట్టండి. కోడ్ మార్పుని సమీక్షకి పంపే పుల్ రిక్వెస్ట్‌లోనే పేజీ మార్పు కూడా ఉంటే, రివ్యూ చేసేవాళ్ళు రెండూ పక్కపక్కనే చూస్తారు. "తర్వాత వికీలో మారుస్తా" అంటే ఆ తర్వాత అనేది రాదు, అందరికీ అనుభవమే.

ప్రతి పేజీ పైన ఇది ఏ టీమ్‌ది, చివరిసారి ఎవరు సరిచూశారు, ఎప్పుడు అన్నది ఉండాలి. తేదీ లేని పేజీ ఎక్స్‌పైరీ డేట్ చెరిగిపోయిన మందు సీసా లాంటిది, మంచిదే అయినా వాడటానికి భయం. ఇక ఎవరూ తమది అని ఒప్పుకోని పేజీని ఆర్కైవ్‌కి పంపేయండి. తీసేస్తే ఎవరికైనా అవసరం పడుతుందేమో అన్న టెన్షన్ ఉంటుంది కానీ, సగం నిజం సగం తప్పు ఉన్న పేజీ చేసే చెరుపు, అసలు పేజీ లేకపోవడం కన్నా ఎక్కువ. లేకపోతే మనిషి అడుగుతాడు. ఉంటే నమ్మి చేసేస్తాడు.

కాగితం మీద సరిగ్గా ఉండి, కోడ్ దానికి కట్టుబడకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న అంగారకుడి దగ్గర చేజారిపోయింది. థ్రస్టర్ల ప్రభావాన్ని మెట్రిక్ కొలతల్లో, అంటే న్యూటన్-సెకన్లలో ఇవ్వాలని ఇంటర్‌ఫేస్ డాక్యుమెంట్‌లో ఉంది. నేల మీద నడిచే ఒక సాఫ్ట్‌వేర్ మాత్రం పౌండ్-సెకన్లలో ఇచ్చింది. రెంటికీ తేడా దాదాపు 4.45 రెట్లు. రాతలో తప్పు లేదు, రాతకీ కోడ్‌కీ మధ్య తనిఖీ లేదు. రెండు సిస్టమ్‌ల మధ్య ఒప్పందం లాంటి డాక్యుమెంట్ ఏదైనా ఉంటే, దాన్ని పరీక్షించే టెస్ట్ ఉండి తీరాలి. నేను ఎక్కడా మొండిపట్టు పట్టను కానీ ఈ ఒక్కదాని మీద పడతాను.

ప్రశ్న: పదిహేనేళ్ళ పాత సిస్టమ్. దాని గురించి పూర్తిగా తెలిసిన పెద్దాయన త్వరలో రిటైరవుతున్నారు. రోజుకో గంట కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే తెలిసింది అప్పగించే) సెషన్ పెట్టి రికార్డ్ చేస్తున్నాం. ఇది సరిపోతుందా? (ఒక ప్రాజెక్ట్ మేనేజర్)

సరిపోదండీ. రికార్డింగులు ఎవరూ మళ్ళీ చూడరు. రాత్రి రెండు గంటలకి సర్వర్ పడిపోతే, గంటసేపు వీడియోలో ఎన్నో నిమిషంలో ఆ మాట అన్నారో ఎవరు వెతుకుతారు? పైగా "అన్నీ చెప్పండి" అంటే పెద్దాయన తనకి ముఖ్యం అనుకున్నవి చెబుతారు. ఆయనకి మరీ అలవాటైపోయి ముఖ్యం అనే స్పృహ కూడా లేనివి ఉంటాయి చూడండి, అవే మీకు కావాలి.

పీటర్ నార్ అనే డెన్మార్క్ కంప్యూటర్ శాస్త్రవేత్త 1985లో రాసిన ఒక వ్యాసంలో, ప్రోగ్రామింగ్ అంటే కోడ్ తయారుచేయడం కాదు, ఆ సమస్య గురించీ పరిష్కారం గురించీ మనసులో ఒక సిద్ధాంతం కట్టుకోవడం అన్నారు. ఆ సిద్ధాంతం ఉన్న మనుషులు వెళ్ళిపోతే ప్రోగ్రాం నడుస్తూనే ఉన్నా లోలోపల చచ్చిపోయినట్టే అని, కేవలం కాగితాలతో దాన్ని మళ్ళీ బతికించడం చాలా కష్టమని ఆయన వాదన. నేను ఆయనంత నిరాశగా లేను, కాగితం కొంత మోయగలదు. మోయగలిగినవాటిలో అన్నిటికన్నా విలువైనది "ఎందుకు" అన్నది. కోడ్ చదివితే ఏం చేస్తుందో తెలుస్తుంది. ఎందుకలా చేశారో, ఇంకేం దారులు చూసి వద్దనుకున్నారో, ఏ షరతు మారితే ఈ నిర్ణయం తప్పైపోతుందో కోడ్‌లో ఉండదు.

దీనికి ఏరియన్ 5 కన్నా గట్టి ఉదాహరణ నాకు తెలియదు. 1996 జూన్ 4న యూరప్ వారి ఆ కొత్త రాకెట్ మొదటి ప్రయోగంలోనే, ఎగిరిన 40 సెకన్లలోపే దారితప్పి పేలిపోయింది. దిశనీ వేగాన్నీ లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ని ఏరియన్ 4 నుంచి యథాతథంగా తెచ్చుకున్నారు. అందులో ఒక 64 బిట్ల సంఖ్యని 16 బిట్లలోకి కుదించే చోట, కొత్త రాకెట్ అడ్డవేగం ఎక్కువ కావడంతో సంఖ్య పట్టలేదు. ఇలాంటి ప్రమాదం ఉన్న ఏడు వేరియబుల్స్‌లో నాలుగింటికి రక్షణ పెట్టి, ప్రాసెసర్ మీద భారం 80 శాతం దాటకూడదన్న లక్ష్యంతో మూడింటిని వదిలేశారు. అది నిర్లక్ష్యంగా చేసింది కాదు, చర్చించి, ఆ విలువలు అంత పెద్దవి కావని నమ్మి చేసిన పని, ఏరియన్ 4కి ఆ నమ్మకం సరైనదే కూడా. విచారణ సంఘం ఏం రాసిందో చూడండి: ఆ నిర్ణయానికి కారణం సోర్స్ కోడ్‌లో ఎక్కడా నేరుగా కనబడలేదు, డాక్యుమెంట్లు కుప్పలుగా ఉండటంతో, అందరూ ఒప్పుకున్న ఆ ఊహ, ఎవరూ కావాలని దాచకపోయినా, బయటి నుంచి సమీక్షించేవాళ్ళ కంటికి మరుగున పడిపోయింది. అంటే అక్కడ కాగితాలకి కరువు లేదు. "ఈ లెక్క ఏరియన్ 4 వేగాలకి మాత్రమే చెల్లుతుంది" అన్న ఒక్క ముక్క, కోడ్ తీసుకుంటున్న మనిషి కంటబడే చోట లేదు. మీ పెద్దాయన బుర్రలో అలాంటి ముక్కలు ఎన్ని ఉన్నాయో ఆలోచించండి.

అందుకని ఈ మిగిలిన రోజుల్లో ఇలా చేయండి. ఆయనచేత రాయించకండి, ఆయన స్థానంలోకి రాబోయేవాళ్ళు రాయాలి, ఆయన ఎర్ర పెన్ను పట్టుకోవాలి. రాస్తున్నప్పుడే వాళ్ళకి అర్థం కానిది బయటపడుతుంది. ఏం అడగాలంటే: మీరు ముట్టుకోవడానికి భయపడే ఫైల్ ఏది, నెలాఖరున ఎవరూ చెప్పకుండానే మీరు వెళ్ళి చూసుకునే లాగ్ ఏది, ఈ టేబుల్‌లో ఖాళీగా ఉన్న కాలమ్ ఎందుకు తీసేయలేదు, ఈ జాబ్ తెల్లవారుజామున నాలుగింటికే ఎందుకు పెట్టారు, ఏ కస్టమర్ కోసం ఈ ప్రత్యేక షరతు. వచ్చే ప్రతి జవాబునీ ఒక చిన్న నిర్ణయ పత్రంగా పెట్టండి. మైకేల్ నైగార్డ్ 2011లో దీనికి ఒక తేలికైన రూపం ఇచ్చారు: శీర్షిక, అప్పటి పరిస్థితి, తీసుకున్న నిర్ణయం, అది ఇంకా అమల్లో ఉందా లేదా, దానివల్ల వచ్చే మంచీ చెడూ. పేజీ, మహా అయితే రెండు పేజీలు. కోడ్ పక్కనే ఉంచుతారు. తర్వాత నిర్ణయం మారితే పాతదాన్ని చెరపరు, "దీని స్థానంలో ఫలానాది వచ్చింది" అని గుర్తుపెట్టి కొత్తది రాస్తారు.

ఇంకో పని. ఆయన ఉండగానే ఒక రిలీజ్ కొత్తవాళ్ళచేత చేయించండి, ఆయన గదిలో ఉండాలి కానీ మాట్లాడకూడదు. ఆ తర్వాత ఒక వారం ఆయన్ని సెలవు మీద పంపి, నిజంగా ఫోన్ చేయకుండా నడపండి. ఇరుక్కున్న ప్రతి చోటునీ రాసిపెట్టుకుని, ఆయన తిరిగొచ్చాక అడగండి. వెళ్ళిపోయాక ఇరుక్కుంటే అడగడానికి ఎవరూ ఉండరు.

ప్రశ్న: మా పేజీల్లో సమాచారం అంతా ఉంది, కానీ చదివేవాళ్ళు "గందరగోళంగా ఉంది" అంటారు. ఏం లోపం? (ఒక టెక్నికల్ రైటర్)

ఒకే పేజీలో నాలుగు రకాల మనుషులకి జవాబు చెప్పబోతున్నారేమో చూడండి. డానియెలె ప్రోచిడా రూపొందించిన డయాటాక్సిస్ అనే పద్ధతిలో డాక్యుమెంట్లను నాలుగుగా విడదీస్తారు: చెయ్యి పట్టుకుని నేర్పే పాఠం, ఫలానా పని ఎలా చేయాలో చెప్పే సూచనలు, వివరాలు వెతుక్కునే రిఫరెన్స్, ఎందుకిలా ఉందో చెప్పే వివరణ. మధ్యరాత్రి ఆన్‌కాల్‌లో, అంటే సిస్టమ్ పడిపోతే లేచి చూసే డ్యూటీలో ఉన్న మనిషికి రెండోది కావాలి, మీరు ఆ పేజీలో మొదటి మూడు పేరాలు సిస్టమ్ చరిత్ర రాస్తే తిట్టుకుంటాడు. అలాగని నాలుగు ఫోల్డర్లు చేసి ఉన్నవాటిని అడ్డంగా నరకకండి. ఎక్కువమంది తెరిచే పేజీ ఒకటి తీసుకుని, అందులో వేరే రకం సరుకు ఉంటే విడదీసి, లింక్ ఇవ్వండి. అలా ఒక్కోటి.

బొమ్మల గురించి కూడా అడిగారు. సైమన్ బ్రౌన్ సీ4 మోడల్‌లో నాలుగు మట్టాలున్నాయి, దూరం నుంచి దగ్గరికి వస్తూ. మొదటి రెండు, అంటే సిస్టమ్ చుట్టూ ఎవరెవరున్నారు, లోపల నడిచే పెద్ద ముక్కలేమిటి అన్నవి, చాలా టీమ్‌లకి సరిపోతాయి. ప్రతి గీత మీదా అటు నుంచి ఇటు ఏం వెళుతుందో రాయడం మాత్రం మరవకండి. మాట లేని బాణం గుర్తు చూసినప్పుడల్లా ఒక్కొక్కరూ ఒక్కోలా ఊహించుకుంటారు.

ప్రశ్న: ఇప్పుడు ఏఐ ఉంది కదా, కోడ్ ఇచ్చి డాక్యుమెంటేషన్ అంతా దానిచేతే రాయించేస్తే? (ఒక స్టార్టప్ నుంచి)

కొంత పని ఇవ్వండి. తెలియని మాడ్యూల్‌ని చదివి సారాంశం చెప్పడం, మొదటి డ్రాఫ్ట్, పేజీలో ఉన్నదానికీ కోడ్‌లో ఉన్నదానికీ తేడా వెతకడం, వీటిలో నిజంగా సాయపడుతుంది. ముఖ్యంగా ఆ చివరిది నాకు బాగా నచ్చిన వాడకం. కానీ ఏరియన్ గురించి పైన చెప్పింది గుర్తుంచుకోండి. కారణం కోడ్‌లో లేకపోతే ఏఐకి ఎక్కడి నుంచి వస్తుంది? లేనిచోట నమ్మశక్యంగా ఉండే కారణం ఒకటి అల్లి ఇచ్చే ప్రమాదం ఉంది, అది ఖాళీ పేజీ కన్నా చేటు. ప్రతి ఫంక్షన్ మీదా "ఈ ఫంక్షన్ యూజర్‌ని సేవ్ చేస్తుంది" అని రాయించుకుంటే పేజీలు పెరుగుతాయి, తెలిసేది పెరగదు. కాబట్టి ఏఐ రాసిన ప్రతి పేజీకీ "నేను చదివాను, ఇది నిజం" అనే మనిషి పేరు ఉండాలి.

ఇంకోటి, చాలా ఆఫీసుల్లో ఇప్పుడు వికీ మొత్తాన్ని చదివి జవాబులిచ్చే అసిస్టెంట్‌లు పెడుతున్నారు. పాత పేజీని మనిషి చూస్తే తేదీ చూసో, స్క్రీన్‌షాట్ చూసో అనుమానిస్తాడు. అసిస్టెంట్ ఆ పాత సంగతినే చక్కటి వాక్యాల్లో, కొత్తదానిలాగా చెప్పగలదు. అందుకే దాన్ని పెట్టేముందు పాత పేజీల ఏరివేత జరగాలి.

ప్రశ్న: "డాక్యుమెంటేషన్‌కి టైమ్ ఇస్తాం, కానీ మెరుగైందని అంకెల్లో చూపించాలి" అన్నారు మా డైరెక్టర్ గారు. ఏ అంకెలు చూపించాలి? (ఒక ఇంజనీరింగ్ మేనేజర్)

టైమ్ ఇస్తామన్నారంటే సగం యుద్ధం గెలిచారు. పేజీల సంఖ్య, ఎంతమంది చూశారన్న సంఖ్య, ఈ రెండూ వద్దు. ఒక పేజీని రెండొందల మంది చూశారంటే బాగుందని కావచ్చు, ఎన్నిసార్లు చూసినా అర్థం కాలేదని కూడా కావచ్చు. పనికొచ్చేవి ఇవీ: కొత్తగా చేరినవాళ్ళ మొదటి మార్పు ప్రొడక్షన్‌కి (కస్టమర్లు వాడే అసలు సిస్టమ్‌కి) వెళ్ళడానికి ఎన్ని రోజులు పట్టింది, చాట్‌లో మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలు తగ్గాయా, ప్రొడక్షన్ ఇష్యూ వచ్చినప్పుడు రన్‌బుక్ (ఏం చేయాలో మెట్టు మెట్టుగా చెప్పే పేజీ) ఉందా, ఉంటే అందులో చెప్పినట్టు చేస్తే పని జరిగిందా. చివరిది ప్రతి ఇష్యూ తర్వాత చేసే సమీక్షలో ఒక ప్రశ్నగా పెట్టేస్తే అంకె దానంతటదే వస్తుంది. వీటిని మనుషుల పనితీరు మార్కులకి ముడిపెట్టకండి, పెట్టిన రోజే అబద్ధాలు మొదలవుతాయి, ప్రశ్నలు చాట్‌లో అడగడం మానేసి ఫోన్‌లో అడుగుతారు.

డైరెక్టర్ గారికి బయటి ఆధారం కావాలంటే, సాఫ్ట్‌వేర్ టీమ్‌ల పనితీరుని అధ్యయనం చేసే గూగుల్ క్లౌడ్ వారి డోరా బృందం 2021 నివేదిక చూపించండి. డాక్యుమెంటేషన్ నాణ్యత ఎక్కువున్న టీమ్‌లు సాఫ్ట్‌వేర్ అందించడంలోనూ నడపడంలోనూ మెరుగ్గా ఉండే అవకాశం 2.4 రెట్లు ఎక్కువని అందులో ఉంది. వాళ్ళు నాణ్యతని కొలిచింది కూడా మనం మాట్లాడుకుంటున్న తీరులోనే: పని పూర్తిచేయడానికి ఉపయోగపడిందా, నమ్మగలరా, దొరుకుతుందా అని.

నష్టం వైపు నుంచి చెప్పాలంటే నైట్ క్యాపిటల్ అనే అమెరికన్ ట్రేడింగ్ కంపెనీ సంగతి చెప్పండి. 2012 ఆగస్టు 1న కొత్త కోడ్ ఎనిమిది సర్వర్లలో ఏడింటికే చేరింది, మిగిలిన ఒక్కదాంట్లో ఎప్పుడో వాడకం మానేసిన పాత కోడ్ మేల్కొని, దాదాపు ముప్పావుగంటలో లక్షల కొద్దీ ఆర్డర్లు పంపేసింది. నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. డిప్లాయ్ చేసినదాన్ని, అంటే సర్వర్లకి ఎక్కించినదాన్ని, రెండో మనిషి సరిచూడాలని చెప్పే లిఖిత పద్ధతి ఆ కంపెనీలో లేదని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ తన ఉత్తర్వులో నమోదు చేసింది. ఇలా అన్నానని ఒక పేజీ రాసి ఉంటే అంతా తప్పేదని చెప్పకండి, కారణాలు ఇంకా చాలా ఉన్నాయి. కానీ మీ డిప్లాయ్ చెక్‌లిస్టులో "అన్ని సర్వర్లలో వెర్షన్ ఒకటేనా, రెండో మనిషి చూశారా" అన్న గడి ఉందో లేదో అదే మీటింగ్‌లో తెరిచి చూపించవచ్చు.

మొదటి మూడు నెలలకి ఒక్క సిస్టమ్‌నే ఎంచుకోండి, ఎక్కువసార్లు రాత్రిపూట లేపేదాన్ని. ఇవాళ్టి అంకెలు ముందే రాసిపెట్టుకోండి, లేకపోతే తర్వాత దేనితో పోల్చాలో ఉండదు. ఆ సిస్టమ్ రన్‌బుక్‌ని, దాని మీద ఎప్పుడూ పనిచేయని ఒకరిచేత టెస్ట్ సర్వర్ మీద చేయించి చూడండి, ఆగిపోయిన చోట దిద్దండి, మళ్ళీ ఇంకొకరిచేత చేయించండి. మిగతా సిస్టమ్‌ల వాళ్ళు "మాది ఎప్పుడు" అని అడగడం మొదలుపెడతారు, అప్పుడు రెండోది ఎత్తుకోండి.